నెమరు దొంగ బక్కమ్మ

అరవై నాలుగు కళల్లో చోరకళ కూడా ఒకటని పెద్దలు లెక్క చెప్పారు గాని, అందులో ఎన్ని శాఖలున్నాయో రాసిపెట్టలేదు. రాసి ఉంటే దేవరకొండ నుంచి నందికొండకు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే వచ్చే బోడగుట్టపల్లి పేరు అందులో తప్పక ఉండేది. ఆ ఊరి కురుమ బక్కమ్మ నలభై ఏళ్ళు దొంగతనం చేసింది. ఊళ్ళో ఆమె చొరబడని కొట్టం లేదు. అయినా ఆమె మీద ఒక్క కేసు కూడా లేదు. ఎందుకంటే ఆమె ఎత్తుకుపోయిన సొత్తు పేరు కాగితం మీద రాయడానికి ఏ పోలీసుకూ చెయ్యి రాలేదు.

ఆమె దొంగిలించేది నెమరు.

ఆవైనా బర్రైనా గొర్రైనా ముందు గబగబా మేసేస్తుంది. తర్వాత నీడన పడుకొని, మింగినదాన్ని ముద్ద ముద్దగా మళ్ళీ నోట్లోకి తెచ్చుకొని తీరిగ్గా నములుతుంది. జబ్బు చేసిన జీవం మొట్టమొదట మానేసేది ఈ పనినే. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న మరో జీవం నోట్లోంచి నెమరు ముద్ద లాగి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి, వెదురు గొట్టంతో జబ్బుదాని గొంతులో పోస్తారు. రెండు మూడు రోజుల్లో లేస్తే లేచినట్టు. బక్కమ్మ చేతిమీద లేచినవే ఎక్కువని శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

అయితే బోడగుట్టపల్లిలో ఈ వైద్యానికి ఒక నియమం ఉంది. నెమరును అడిగి తేకూడదు, అడిగినా ఇవ్వకూడదు. అడిగి తెచ్చింది పనిచెయ్యదు. ఇచ్చినవాళ్ళ మందలో లక్ష్మి నిలవదు. దీపాలు పెట్టాక పెరుగు తోడంటు చుక్క కూడా గడప దాటనివ్వని ఇళ్ళున్న దేశంలో ఇదేమంత వింత కాదు. కాబట్టి వైద్యం జరగాలంటే దొంగతనం జరిగి తీరాలి. బక్కమ్మకు ఈ విద్య మామ దగ్గర నుంచి వచ్చింది. గొర్రె మెడ పక్కన నిమ్మకాయంత ముద్ద కింది నుంచి పైకి పాకడం కనిపెట్టాలి. అది నోటికి చేరడానికీ మొదటి నమలుకూ మధ్య, దవడ పక్కన పళ్ళు లేని సందులోంచి రెండు వేళ్ళు పోనిచ్చి ముద్దను లాగాలి. వేళ్ళను కూడా వెనక్కి తెచ్చుకోవాలి. ఈ చివరి ఘట్టంలోనే చాలామంది శిష్యులు విద్య వదిలేశారు.

ఆమె వృత్తి జీవితంలో ఒకే ఒక మచ్చ వెనకింటి సావిత్రమ్మ బర్రె. పదకొండేళ్ళ కిందట బక్కమ్మ దాని నెమరు తీసింది. నాలుగో రోజున ఆ బర్రె పాము కాటుకు చచ్చిపోయింది. నెమరు పోయాక లక్ష్మి పోయింది, లక్ష్మి పోయాక పాము వచ్చింది అని సావిత్రమ్మ వాదన. ఈ తర్కంలో తప్పు పట్టడం కష్టం, వరుస సరిగ్గానే ఉంది మరి. ఆనాటి నుంచి వదినా మరదళ్ళ వరస ఉన్న ఆ ఇద్దరి మధ్య మాటలు లేవు. చెప్పుకోవలసినవి మాత్రం ఏవీ ఆగలేదు. సావిత్రమ్మ తన కోడితో చెప్పేది, బక్కమ్మ గోడకు ఇవతల వినేది. బక్కమ్మ తన కుక్కతో జవాబు చెప్పేది. పదకొండేళ్ళలో ఆ కోడి మారింది, కుక్క మారింది, సంభాషణ మాత్రం సాగుతూనే ఉంది.

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట బక్కమ్మ కొడుకు పరమేష్ షాద్‌నగర్ నుంచి ఊరికి వచ్చాడు. ఆరేళ్ళు అక్కడ పైపుల కంపెనీలో పనిచేసి, రెండు నెలల సెలవు పెట్టి వచ్చాడు. జీవాలను పెంచుతానన్నాడు. నిలబడితే ఉండిపోతాడు, లేకుంటే మళ్ళీ షిఫ్టుకే. పెద్ద కరువులో గొర్రెలన్నీ పోయి పదిహేనేళ్ళుగా ఊరందరి మందలకూ వైద్యం చేస్తూ తనకంటూ ఒక్క మేకపిల్లైనా లేని బక్కమ్మ ఈ మాట విని లేచింది. లోపలికి పోయి, అటక మీది నుంచి తన గొర్రెల కట్టె తీసి నూనె పెట్టింది.

పరమేష్ కృష్ణ అవతల, కాలవ కింది పల్లెల్లో ఇరవై ఒక్క గొర్రెలను కొని డీసీఎం బండిలో తెచ్చాడు. తెల్లనివి, పొడుగు కాళ్ళవి, చెవులు దోసకాయల్లా వేలాడేవి. ఊరంతా వచ్చి చూసింది. బక్కమ్మ ఒక్కొక్కదాని దవడ తెరిచి చూసింది, తోక ఎత్తి చూసింది.

"ఎట్లున్నయే అమ్మ?" అన్నాడు పరమేష్.

"అల్లుండ్ల లెక్కున్నయి. మన గడ్డి తింటయో తినయో చూడాలె."

తినలేదు. పుట్టిన నాటి నుంచి కాలవ గట్టు పచ్చిగడ్డి తిన్న నోళ్ళు అవి. ఇక్కడి తుమ్మకాయనూ రేగాకునూ వెంపలి పొదనూ వాసన చూసి, ఎవరో అవమానించినట్టు తల తిప్పుకున్నాయి. దారిలో రోజున్నర పస్తు వేరే. మూడోనాటికి అవి నెమరు మానేశాయి. కడుపులు ఒక పక్కకు ఉబ్బాయి. పరమేష్ తనకు తెలిసిన వైద్యం చేశాడు. మందుల దుకాణం నుంచి గోళీలు తెచ్చి, అన్నింటి నోళ్ళలో కుక్కాడు. ఐదో రోజు పొద్దున రెండు చచ్చిపోయాయి.

అప్పుడు పశువుల డాక్టరు ప్రణీత స్కూటీ మీద వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. భువనగిరిలో మూడో అంతస్తులో పెరిగింది, చిన్నప్పుడు మట్టి ముట్టుకుంటే వాళ్ళమ్మ రెండుసార్లు సబ్బుతో కడిగించేదట. ఫలితంగా గొర్రె ఉన్ని ముక్కు దగ్గరికొస్తే తుమ్ములు ఆగవు. పశువైద్యంలో ఇది చిన్న ఇబ్బందే గాని, ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకొని ధైర్యంగా నెట్టుకొస్తోంది. ఒక గొర్రె ఎడమ డొక్క మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"ఏం మందులేసినవ్?" అని అడిగింది పరమేష్‌ను.

"గోళీలు మేడం. నాకు కడుపు గడబిడైతే గవే ఏస్కుంట. షాద్‌నగర్ల ఎప్పుడు జేబులనే ఉంటుండె. ఒక్కోదానికి రెండేసిన."

"దీని కడుపు నీ కడుపు ఒక్కటేనా? దీనికి నాలుగు అరలున్నయి తెలుసా?"

"మరి నాలుగేస్తే అయిపోవునా మేడం?"

ప్రణీత ఒకసారి తుమ్మి, తర్వాత చెప్పింది. గడ్డిని అరిగించేది గొర్రె కాదు. దాని కడుపులో కంటికి కనబడని జీవులు కోట్ల కోట్లు ఉంటాయి, అరిగించేవి అవే. గొర్రె మేతను లోపలికి పంపి వాటికి వెచ్చని జాగా ఇస్తుంది, అవి గడ్డిని విరిచి దానికి బలం ఇస్తాయి. ఏ నేలలో ఏ గడ్డి దొరికితే, ఆ గడ్డిని అరిగించగలిగినవే కడుపులో బలుస్తాయి. కాలవ గట్టు మీది గొర్రెల కడుపుల్లో ఉన్నవాటికి తుమ్మకాయ సంగతి తెలియదు. తెలుసుకునేలోగా దారిలో పస్తుకు కొన్ని చచ్చాయి. మిగిలినవాటిని, క్రిముల్ని చంపే పరమేష్ గోళీలు తుడిచిపెట్టాయి.

బక్కమ్మ చెంపకు చెయ్యి ఆనించుకొని విన్నది. "అంటే ఇల్లు నిలబడ్డది, కిరాయిదార్లు సచ్చిపోయిండ్రు. గంతేనా బిడ్డ?"

"గంతే అవ్వా!" అంది ప్రణీత. అయిదేళ్ళు కాలేజీలో కూర్చున్నా తనకు ఇంత బాగా తట్టలేదు.

"మరి గొర్రెనే ఈ గడ్డికి అలవాటు పడదా?"

"గొర్రె గుణం మారాలంటే తరాలు తరాలు పట్టాలె. లోపలి వాటికి ఒక తరమంటే ఒక పూట గూడ కాదు. అందుకే కొత్త జాగల ముందు మారేది గొర్రె కాదు, దాని కిరాయిదార్లే. గిక్కడి గడ్డి తెలిసిన కిరాయిదార్లను తెచ్చి లోపల పెట్టాలె. గిక్కడనే పుట్టి పెరిగిన గొర్రె నెమరు తీసి..."

బక్కమ్మ ఆ పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని, మెటికలు విరిచింది. "అయిదేండ్లు సదివి సదివి గిక్కడికొచ్చినవా బిడ్డ! మా మామ బతికుంటే మురుస్తుండె."

ఇంతవరకూ విజ్ఞానమూ బక్కమ్మా ఒకే దారిన నడిచారు. అక్కడి నుంచి దారి చీలింది. ఎండాకాలం మొదలు కావడంతో ఊరి మందలన్నీ మేతకు కృష్ణ ఒడ్డుకు దిగిపోయాయి. ఊళ్ళో మిగిలిన మంద ఒక్కటే, సావిత్రమ్మది. నలభై నల్ల గొర్రెలు, రాళ్ళు పెట్టినా అరిగించుకునే రకం. ఈ సంగతి వినగానే ప్రణీత, చదువుకున్నవాళ్ళు చేసే పొరపాటే చేసింది. ఎవరికీ చెప్పకుండా సావిత్రమ్మ ఇంటికి పోయి, మర్యాదగా అడిగింది.

సావిత్రమ్మ ఆమెకు పీట వేసి, సల్ల ఇచ్చి, తాగనిచ్చి, "ఇయ్య" అంది.

"వాటికి పానం మీదికొచ్చింది సావిత్రమ్మా. మీ గొర్లకు ఏం కాదు, పిడికెడు నెమరు. ఇది శాస్త్రం."

"నేను చెప్పేది గూడ శాస్త్రమే డాక్టరమ్మ. అడిగితే ఇయ్యొద్దు. ఇచ్చిన్ననుకో, నా మంద ఆగమైతది, తీస్కపోయినోళ్ళకూ పని చెయ్యది. ఇద్దరం మునుగుతం. మునిగేటందుకు ఇయ్యమంటవా?"

ప్రణీత తిరిగొచ్చి బక్కమ్మతో మొర పెట్టుకుంది. తన పక్షాన మాట్లాడుతుందనుకున్న బక్కమ్మ తలకు చేతులు పెట్టుకుంది.

"అడిగినవా? ఎందుకడిగినవ్ బిడ్డ! మంచిగున్న నెమరును నోటితోని కరాబు చేస్తివి. ఇయ్యనన్నది, సరిగ్గనే అన్నది. నేనైనా గదే అంటుంటి."

దొంగా సొత్తుదారూ ఒకే మతం వాళ్ళని ప్రణీతకు అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం పరమేష్ గొర్రెల పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. వచ్చిన పదిహేను రోజుల్లో అతని కడుపు కూడా ఏమంత గొప్పగా లేదు. ఇదే మట్టిలో, ఇవే గొర్రెల మధ్య పాకి పెరిగినవాడు, ఆరేళ్ళు కంపెనీ క్యాంటీన్ అన్నమూ సీసా నీళ్ళూ అలవాటై, తల్లి కాచిన అంబలికి తట్టుకోలేక వచ్చిన మొదటి వారమంతా తుమ్మచెట్ల చాటునే గడిపాడు.

"మేడం, మనుషులకు గూడ గిట్ల కిరాయిదార్లను తెచ్చి పెడతరా?" అని అడిగాడు.

"పెద్ద దవాఖానల్ల పెడతరు. కొన్ని రోగాలకు మంచిగ పనిచేస్తది."

"కని మనుషులు నెమరెయ్యరు గద?"

"వెయ్యరు. అందుకే ఇంకో దిక్కు నుంచి తీస్తరు."

పరమేష్ తన పొట్ట ఒకసారి తడుముకున్నాడు. తర్వాత లేచి లోపలికి పోయి, అడగకుండానే రెండు చెంబుల అంబలి తాగాడు.

సరిగ్గా అప్పుడే గోడకు అవతల సావిత్రమ్మ గొంతు వినబడింది. కోడితో మాట్లాడుతోంది. మామూలుకన్నా కొంచెం గట్టిగా.

"ఇగో కోడీ, ఇనవే. రేపు పగటీలి జీవాలను చింత చెట్ల కాడ పండవెడత. గీ నడుమ నాకు కండ్లు నిలుస్తలేవు. తువ్వాల కప్పుకొని పంటే ఏనుగొచ్చి తొక్కినా తెలువది. దొంగలు గింగలు రాకుండ నువ్వన్న చూడు. నువ్వేం చూస్తవ్, కోడివి!"

ఇవతల బక్కమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఆమెకు ధర్మసందేహం పట్టుకుంది. పిలిచి మరీ తీసుకుపొమ్మంటే అది ఇచ్చినట్టా, దొంగిలించినట్టా? ఇచ్చినట్టయితే మందు పనిచెయ్యదు. మందు పనిచెయ్యకపోతే పంతొమ్మిది గొర్రెలూ పోతాయి, కొడుకు షిఫ్టుకు పోతాడు, నూనె పెట్టిన కట్టె మళ్ళీ అటకెక్కుతుంది. చాలాసేపు ఆలోచించి చివరికి తీర్పు చెప్పుకుంది: సావిత్రమ్మ చెప్పింది కోడికి. కోడి తనకు చెప్పలేదు. కనుక తనకేమీ తెలియదు. చట్టం తెలిసినవాళ్ళు కూడా ఇంతకంటే పకడ్బందీగా తేల్చి ఉండరు.

మరునాడు పగటిపూట ఎండ నడినెత్తిన ఉండగా దొంగల ముఠా బయలుదేరింది. ముందు బక్కమ్మ, అరవై ఐదేళ్ళది, మోకాళ్ళు నొప్పులు, ఎడమ కన్ను మసక. వెనక ప్రభుత్వ పశువైద్యాధికారిణి, చేతిలో వేడి తగ్గకుండా గుడ్డ చుట్టిన మూత డబ్బా. పరమేష్‌ను ఇంటి దగ్గరే ఉంచారు, నీళ్ళు వెచ్చబెట్టడానికి.

చింత చెట్ల నీడన నల్ల గొర్రెలు పడుకొని, లోకంతో పని లేనట్టు నములుతున్నాయి. ఒక చెట్టు మొదట సావిత్రమ్మ ముఖం నిండా తువ్వాల కప్పుకొని గురక పెడుతోంది. అంత క్రమశిక్షణ గల గురకను ప్రణీత ఎన్నడూ వినలేదు.

బక్కమ్మ చేతులమీద పాకుతూ పోయి, ఒక బలిసిన గొర్రె పక్కన కూచుంది. దాని మెడ నిమిరి మచ్చిక చేసింది. కళ్ళు చికిలించి చూసింది. ముద్ద ఎక్కడుందో ఆనవాలు పట్టలేదు, మసక కన్ను మోసం చేసింది. వేలు పెట్టింది. ముద్ద అప్పటికే దంతాల కిందికి పోయింది, దాని వెంట వేలూ పోయింది. బక్కమ్మ కెవ్వుమనబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. గొర్రె లేచి దూరంగా పోయి, ఇదేం పెద్దరికం అన్నట్టు చూసింది. రెండోదీ అంతే. వేలి నుంచి నెత్తురు కారుతోంది. నలభై ఏళ్ళ విద్య రెండు నిమిషాల్లో మట్టి కరిచింది. బక్కమ్మ నేలమీద చతికిలబడింది. పైకి చూసింది, కిందికి చూసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు గురక ఆగింది. తువ్వాల కింది నుంచి నిద్రమత్తు గొంతొకటి పలికింది.

"...ఎడమ దిక్కు... ఎడమ దిక్కు పండినది... ముసల్ది... దానికి పండ్లే లేవు... పడుచువాటి కాడికి ఎందుకు పోతున్నవే ఓ కలా..."

మళ్ళీ గురక.

బక్కమ్మ ఎడమ దిక్కుకు పాకింది. అక్కడ చెవి చిరిగిన ముసలి గొర్రె ఒకటి, చిగుళ్ళతో మెల్లగా, నిదానంగా నెమరేస్తోంది. ఈసారి కంటితో చూడలేదు. ఎడమ అరచేతిని దాని మెడకు ఆనించి కళ్ళు మూసుకుంది. చర్మం కింద ముద్ద కదిలింది, అరచేతిని దాటింది. కుడిచేతి రెండు వేళ్ళు లోపలికి పోయాయి, పచ్చగా వెచ్చగా ముద్దతో బయటికి వచ్చాయి. ప్రణీత డబ్బా మూత తెరిచింది, వేసింది. ఇంకొకటి. ఇంకొకటి. ముసలి గొర్రెకు ఈ పరాచికం నచ్చినట్టుంది, కదల్లేదు.

నాలుగో ముద్దకు ఉన్ని పోగొకటి గాలికి ఎగిరి ప్రణీత గుడ్డ కిందికి దూరింది. ఆమె ముక్కు పట్టుకుంది, ఊపిరి పట్టుకుంది, చివరికి చింతాకు రాలేలా తుమ్మింది. గొర్రెలన్నీ లేచి నిలబడ్డాయి.

"సల్లగుండు బిడ్డ," అంది తువ్వాల కింది గొంతు. వెంటనే తప్పు తెలుసుకొని రెండింతలు గట్టిగా గురక పెట్టింది.

ఇంటికి తెచ్చిన నెమరును పరమేష్ వెచ్చబెట్టిన నీళ్ళలో కలిపారు. దాన్ని పంతొమ్మిదింటికీ పంచితే దేనికీ చాలదు. బక్కమ్మ మూడింటినే ఎంచి, తల ఎత్తిపట్టి గొట్టంతో పోసింది. "ముందు గీ మూడు లేవాలె. లేస్తే వీటి నెమరు మనదే, దొంగతనం అక్కర లేదు," అంది, ఇకపై నిజాయితీగా బతకబోయేవాళ్ళ ధీమాతో. గోళీల సీసాను ప్రణీత తన సంచిలో వేసుకుంది. మేతకు మొదటి రోజు మెత్తటి గరిక, దాంట్లో గుప్పెడు రేగాకు కలిపారు.

రెండో రోజు ఇంకో గొర్రె చచ్చిపోయింది, మూడింటిలోది కాదు. మూడో రోజు ఉదయం ఆ మూడింటిలో ఒకటి రేగాకు కోసం మెడ చాచింది. పగటికి పడుకుంది. దాని దవడ కదిలింది. పరమేష్ పరుగెత్తుకొచ్చి తల్లిని కేకేశాడు, ఆమె అప్పటికే అక్కడే ఉంది. దాని ముద్ద తీసి మరో నాలుగింటికి, వాటిది మరో ఆరింటికి. వారం తిరిగేసరికి పదిహేడు గొర్రెలు నెమరేస్తున్నాయి. వాటి తెల్లని ఒంటికి తుమ్మ ముళ్ళు గీసిన చారలు కూడా పడ్డాయి, అవి ఈ ఊరివయ్యాయి. మిగిలింది ఒకటే. బండి దిగేటప్పుడు కాలు మెలిక పడిన కుంటిది. రెండుసార్లు పోసినా లేవలేదు.

ఎనిమిదో రోజు పగటిపూట సావిత్రమ్మ వచ్చింది. కరివేపాకు తెంపుకుపోవడానికి వచ్చానని పరమేష్‌తో చెప్పింది. కరివేపాకు చెట్టు సావిత్రమ్మ ఇంటి ముందే ఉంది. చెట్టు నీడన బక్కమ్మ పరిచిన గొంగడికి ఆ చివర కూచుంది. ఈ చివర బక్కమ్మ.

"పరమేషూ, గా కుంటిదాని దవడ ఆడుతాంది చూడు, ఆకలి గాదు, నెమరే," అంది సావిత్రమ్మ.

"పరమేషూ, అది ఈగలు కొట్టుకుంటాంది. నెమరు గట్లుండదని చెప్పు. కండ్లున్నోళ్ళకు తెలుస్తది," అంది బక్కమ్మ.

"పరమేషూ, ఒక కన్నున్నోళ్ళు గూడ కండ్ల గురించి చెప్పుడేనా అని అడుగు."

"అత్తా, నేను నీళ్ళు తెస్త," అని పరమేష్ జారుకున్నాడు.

మాటలు మోసే మనిషి లేకపోయేసరికి ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. కుంటి గొర్రె తల నేలకు ఆనించి పడుకొని ఉంది. ఎండ కదిలి దాని ముఖం మీదికి వచ్చింది. బక్కమ్మ లేచి, కొంగుతో నీడ పట్టింది. అది ఒకసారి పెద్దగా నిట్టూర్చింది. తల ఎత్తింది. దాని మెడ కింద, రొమ్ము దగ్గర, ఏదో కదిలింది. మెల్లగా పైకి రాసాగింది. సావిత్రమ్మ మోకాళ్ళమీద లేచింది. బక్కమ్మ కొంగు వదిలేసింది.

"వస్తాంది," అంది ఒకామె.

"ఒర్రకు, మింగేస్తది," అంది ఇంకొకామె గొంతు తగ్గించి.

ముద్ద గొంతు దాటింది. కుంటి గొర్రె కళ్ళు సగం మూసుకొని, ఈ ఊరి తుమ్మకాయ రుచి ఎలాంటిదో అప్పుడే తెలుసుకుంటున్నట్టు, దవడను కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తిప్పింది.